అయిదడుగుల గీత

పిచ్చుక ఇంటి గుమ్మం మీద దీపం ఇరవై ఏడు గంటలుగా ఆరలేదు.

పొద్దున్నుంచి తెరలక్క ఆరుసార్లు వెళ్ళి చూసింది. ఆరుసార్లూ అదే దీపం, అదే తలుపు, తలుపు పక్కన కదలకుండా నిలబడ్డ అదే మనిషి. పసుపు గౌను, చెవుల దాకా కత్తిరించిన జుట్టు, ఎవరినో పిలవబోయి మానేసినట్టు సగం లేచి ఆగిపోయిన కుడి చెయ్యి.

"పిల్లా, పలకవే," అంది తెరలక్క ఆరోసారి కూడా. పిల్ల పలకలేదు.

తెరలక్క హెడ్‌సెట్ తీసి రంగుల డబ్బాల పక్కన పెట్టింది. వీధి మాయమైంది. ఎదురుగా నాటక కంపెనీ షెడ్డు, షెడ్డు నేల మీద పరిచిన నలభై అడుగుల గుడ్డ. సాయంత్రానికల్లా ఆ గుడ్డ మీద ఒక కోట లేవాలి. ఇరవై రెండేళ్ళుగా తెరలు వేస్తున్న చెయ్యి ఆమెది. కళ్ళు మూసుకుని కోటలు లేపగలదని కంపెనీలో పేరు. అలాంటిది ఇవాళ బురుజుకి నీడ వేయాల్సిన పక్క వెలుగు వేసి కూర్చుంది.

మేనేజరు వచ్చి గుడ్డ చుట్టూ ఒకసారి తిరిగాడు. "అక్కా, ఈ కోటకి సూర్యుడు ఎటుపక్క ఉన్నాడు?"

"ఎటో చచ్చాడు. నన్ను కాసేపు వదిలేయండి."

ఆయన వదిలేశాడు. తెరలక్కని మాత్రం ఆ దీపం వదల్లేదు.

ఆ వీధి ఇటుకలతో కట్టింది కాదు. తలకి హెడ్‌సెట్ తగిలించుకుంటేనే కనబడుతుంది. ఊళ్ళో కళాకారులు కలుసుకునే పాత హాలు కూలగొట్టాక, రాళ్ళు చెక్కే మేస్త్రిగారు రెండేళ్ళ క్రితం దాన్ని మొదలుపెట్టారు. అందరూ ఆ ఊరివాళ్ళే. పన్నెండు మంది, పన్నెండు ఇళ్ళు, మధ్యలో ఒక చౌకు. ఎవరి ఇల్లు వాళ్ళిష్టం వచ్చినట్టు కట్టుకోవచ్చు, గోడల మీద బొమ్మలు వేసుకోవచ్చు, సాయంత్రాలు చౌకులో కూర్చుని ఒకళ్ళ పనిని ఇంకొకళ్ళు చెడతిట్టుకోవచ్చు. నియమాలు రెండే. అసలు పేరు అడగకూడదు. బయటి మొహం అడగకూడదు.

మనిషి లోపలికొస్తే గుమ్మం మీద దీపం వెలుగుతుంది. హెడ్‌సెట్ ఆపేస్తే ఆరిపోతుంది. దీపం వెలుగుతూ మనిషి కదలడం లేదంటే, అవతల యంత్రం నడుస్తూనే ఉందన్నమాట. దాన్ని పెట్టుకున్న మనిషి మాత్రం...

ఆ వాక్యం పూర్తిచేయడం ఇష్టంలేక తెరలక్క మళ్ళీ కుంచె తీసింది. మళ్ళీ తప్పు పక్కే వెలుగు పడింది.

అసలు బెంగ అది కాదు. దీపం అలా నిలిచిపోవడానికి కారణం తనేనేమోనని బెంగ.

శనివారం చిత్రశాల వాళ్ళు వీధి చూడటానికి వస్తున్నారు. నచ్చితే ఏడాది పొడుగునా జనాన్ని తీసుకొచ్చి చూపిస్తారట. మేస్త్రిగారు పదిరోజుల నుంచీ కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నారు. ఇళ్ళన్నీ ఒక లెక్కలో ఉండాలని, ఆ లెక్క చూసే పని తెరలక్కకి అప్పజెప్పారు. కొలత అంటే తెరలక్క, తెరలక్క అంటే కొలత. తెర మీద ఏ బొమ్మ మొదలుపెట్టినా ముందు ఆమె చేసే పని ఒకటే. రంగు పొడి అద్దిన తాడుని రెండు కొసలా బిగించి, తెర కింది అంచు నుంచి అయిదడుగుల ఎత్తులో ఫట్‌మని ఒక గీత కొడుతుంది. నిలబడ్డ మనిషి కంటి మట్టం అది. ఆ గీతని బట్టే కోటైనా, అడవైనా, రాజుగారి సింహాసనమైనా.

పదకొండు ఇళ్ళు ఆ గీతకి సరిపోయాయి. పిచ్చుక ఇల్లు సరిపోలేదు.

అది ఇల్లు కాదు, రాక్షసుల కొంప. అన్నీ రెండింతలు. బల్ల మీద ఏముందో చూడాలంటే ముని వేళ్ళ మీద లేవాలి. తలుపు గొళ్ళెం అందాలంటే ఎగరాలి. కిటికీ గట్టు తలకి పైన. అటకకీ పైకప్పుకీ ఎవరూ వేయనంత శ్రద్ధగా పగుళ్ళు, మరకలు, సాలెగూళ్ళతో సహా వేసి ఉంటాయి. చుట్టాల్లా వచ్చినవాళ్ళందరూ మెడలు పైకెత్తి నవ్వేవాళ్ళు. "చెయ్యి తిరగలేదులెండి," అని పిచ్చుకా నవ్వేది. దుప్పట్ల మీద పూల డిజైన్లు గీసే పిల్లకి ఇళ్ళ కొలతలు ఏం తెలుస్తాయిలే అనుకుంది తెరలక్క.

మంగళవారం మధ్యాహ్నం ఆ ఇల్లంతా సగానికి తగ్గించేసింది. అడగలేదు. అడిగేదేముంది, సాయమే కదా.

బుధవారం పొద్దున తొమ్మిదిన్నరకి పిచ్చుక వచ్చి గుమ్మంలో నిలబడింది.

"అక్కా, నా బల్ల ఏదీ?"

"అదేనే. నడుము దాకా దించాను. శనివారం వచ్చేవాళ్ళు నవ్విపోరూ?"

"ఓహో."

"ఎలా ఉంది?"

"బాగుంది. ఇందులో ఇప్పుడు ఎవరైనా ఉండొచ్చు."

మెచ్చుకోలు అనుకుంది తెరలక్క. పిచ్చుక బయటికి వచ్చి, తలుపు పక్కన నిలబడి, చెయ్యి సగం ఎత్తింది. అంతే. అప్పటి నుంచీ అలాగే ఉంది.

ఒంటిగంటకి తెరలక్క మళ్ళీ హెడ్‌సెట్ పెట్టుకుంది. ఈసారి చౌకులో మేస్త్రిగారు దొరికారు, ఎవరూ అడగని రాతి ఏనుగుకి తొండం సరిచేస్తూ.

"మేస్త్రిగారూ, ఆ పిల్ల అడ్రసు మీ దగ్గరుందా?"

"నా దగ్గరెందుకుంటుందమ్మా? పేరు అడక్కూడదు, మొహం అడక్కూడదు అని మొదటిరోజు గొంతు చించుకుంది ఎవరు? నువ్వే."

"నిన్నటి నుంచీ దీపం వెలుగుతోంది."

"నిద్రపోయిందేమో."

"ఇరవై ఏడున్నర గంటలా?"

మేస్త్రిగారి ఉలి ఆగింది. పిచ్చుక వైపు చూశారు. మళ్ళీ ఏనుగు వైపు చూశారు. "ఏమో తల్లీ. నాకు భయం పెట్టకు. శనివారం దగ్గరికొచ్చింది."

తెరలక్క హెడ్‌సెట్ తీసి సంచిలో వేసుకుని, షెడ్డు తలుపు దగ్గరికి లాగి, కంపెనీ వ్యాను తాళాలు తీసుకుని ఇంటికి బయల్దేరింది. కోట సగం నీడలో, సగం అయోమయంలో ఉండిపోయింది.

*

ఇంట్లో అత్తగారు ఒక్కర్తే ఉంది. ఆవిడ కొడుకు, అంటే తెరలక్క మొగుడు, నాటకాలకి లైట్లు వేస్తాడు, ఆ వారం వేరే కంపెనీతో పొరుగూళ్ళో ఉన్నాడు. ఆవిడకి డెబ్బై నాలుగేళ్ళు. ముప్ఫై ఒక్కేళ్ళు టెలిఫోను ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరుగా చేసింది. ఇప్పటికీ ఫోను ఎత్తితే ఎవరింట్లోనో మంట లేచినట్టే మాట్లాడుతుంది.

కోడలు చెప్పింది విని, మారుమాట లేకుండా పోలీసులకి ఫోను చేసింది.

"ఒక ఆడపిల్ల ప్రమాదంలో ఉందండీ... పేరా? పిచ్చుక... కాదండీ, పక్షి కాదు, మనిషి... అడ్రసు లేదు... ఎలా ఉంటుందంటే పసుపు గౌను... ఆఁ, ఆ గౌను కూడా నిజం గౌను కాదటండీ."

అవతల ఏమన్నారో గాని, ఫోను పెట్టేసి కళ్ళజోడు సర్దుకుంది. "వాడికి అమ్మ లేదేమో పాపం, నన్ను పడుకోమంటున్నాడు. నువ్వు చూడవే ఇంకేదైనా."

చూడటానికి ఒకటి ఉంది. తెరలక్క ఏ పాత తెరనీ ఫొటో తీయకుండా కడగదు. అదే అలవాటుతో మంగళవారం పిచ్చుక ఇంటిని తగ్గించేముందు దాని నకలు ఒకటి దాచుకుంది. హెడ్‌సెట్ పెట్టుకుని ఆ నకలు తెరిచింది.

మళ్ళీ రాక్షసుల కొంప. ఎదురుగా బల్ల, దాని అంచు సరిగ్గా కళ్ళకి సమానంగా.

సరిగ్గా.

తెరలక్క గొళ్ళెం, గట్టు, బల్ల వరసగా కొలిచింది. కొలత తప్పినవాళ్ళ పని అడ్డదిడ్డంగా ఉంటుంది. ఒకటి రెండింతలు, ఒకటి ఒకటిన్నర, ఇంకోటి మూడు. ఇక్కడ ఒక్క వస్తువూ అంగుళం తేడా లేదు. గొళ్ళెం ఏడడుగులు. బయట ఏ ఇంట్లోనైనా మూడున్నర. బల్ల అయిదు. బయట రెండున్నర. చెయ్యి తిరగని పిల్ల ఇంత కచ్చితంగా తప్పు చేయదు.

"అత్తయ్యా, మీ మంచం పక్క బల్ల ఎత్తెంత?"

"నేనెప్పుడు కొలిచాను? మాత్రలు పెట్టుకునేంత."

తెరలక్క హెడ్‌సెట్ నుదుటి మీదకి తోసి, లోపలికి వెళ్ళి అత్తగారి మంచం మీద వెల్లకిలా పడుకుంది. తల పక్కకి తిప్పింది. బల్ల అంచు సరిగ్గా కంటికి సమానంగా ఉంది. బల్ల మీద ఏముందో కనబడలేదు. గొళ్ళెం ఎక్కడో పైన. కిటికీ గట్టు తలకి పైన, దాని మీదుగా కొంచెం ఆకాశం. కనబడేదంతా పైకప్పు. దాని పగుళ్ళు, మరకలు, సాలెగూడు.

"ఏమైందే?" అంది అత్తగారు గుమ్మంలోంచి. "రంగు పోయింది మొహంలో."

"అది కొలత తప్పు కాదత్తయ్యా. ఆ పిల్ల పడుకుని ఉంటుంది. ఎప్పుడూ. నిలబడ్డవాళ్ళకి కూడా తనకి కనబడ్డట్టే కనబడాలని అన్నీ రెండింతలు చేసింది." ఆమె లేచి కూర్చుంది. "నేను వెళ్ళి మామూలు గది చేసి పెట్టాను."

అత్తగారు వెళ్ళి కాగితం, పెన్సిలు తెచ్చుకుంది. తర్వాత అంది, "ఏడుపు రేపటికి వాయిదా వెయ్యి. మంచం మీదున్న మనిషి, ఒక రోజుపైగా కదల్లేదు. ముందు ఎక్కడుందో చూడు."

తెరలక్క మళ్ళీ హెడ్‌సెట్ దించుకుంది. ఈసారి కొలతల కోసం కాదు, కిటికీ కోసం. కనబడ్డది కనబడ్డట్టు వేసే పిల్ల, కిటికీలో మాత్రం అబద్ధం ఎందుకు వేస్తుంది?

"రాసుకోండత్తయ్యా. పొగగొట్టం ఒకటి. పైన రెండు నల్ల పట్టీలు."

"రొట్టెల ఫ్యాక్టరీది. ఊళ్ళో అలాంటిది ఇంకోటి లేదు."

"దాని పక్కన పెద్ద బోర్డు. వెనకపక్క కనబడుతోంది, ఇనప కమ్మీలు. ఆకుపచ్చ ప్లాస్టిక్కు. పొగగొట్టం బోర్డు ఎడమ అంచుకి తగిలినట్టుంది. బోర్డు కింది సగం కిటికీ గట్టు మింగేసింది."

"మందుల గోడౌను. నా మోకాళ్ళ మాత్రలు అక్కడివే. నాలుగంతస్తుల మేడ, దాని నెత్తిన ఉంటుంది ఆ బోర్డు."

"తలుపు పక్క గోడ మీద ఆకుపచ్చ మరక ఒకటి ఉంది, నాలుగు పలకలుగా. కింద చిన్నగా రాసింది. నాలుగింటి ఎండ, అని."

తెరలక్క హెడ్‌సెట్ తీసేసి, ఊరి పటం బల్ల మీద పరిచింది. రంగుతాడు లేదు. అత్తగారి కుట్టుపని డబ్బాలోంచి దారం లాగింది. ఒక కొస రొట్టెల ఫ్యాక్టరీ మీద అత్తగారు వేలితో నొక్కి పట్టుకుంది. దారాన్ని మందుల గోడౌను ఎడమ మూలకి తాకించి, అలాగే తూర్పుకి లాగింది తెరలక్క. పొగగొట్టం, బోర్డు అంచు, చూసే కన్ను ఒకే గీత మీద ఉండాలి. తెరలు వేసేవాళ్ళకి ఇది ఓనమాలు.

దారం మూడు మేడల మీదుగా పోయింది.

"బోర్డుని కింద నుంచి చూస్తోంది కాబట్టి దానికంటే కిందే ఉంది," అంది తెరలక్క. "మూడో అంతస్తు అనుకుంటా. ఏ మేడో తెలీదు."

"నాలుగింటి ఎండ అంది కదే. ఇప్పుడెంతైంది?"

మూడూ ఇరవై.

"నేనూ వస్తా," అంది అత్తగారు చెప్పులు వెతుక్కుంటూ.

"మీరెందుకత్తయ్యా, మెట్లు..."

"నీకు నోరు పెగలకపోతే మాట్లాడేవాళ్ళుండాలిగా."

*

కంపెనీ వ్యాను వెనక, గత నాటకం తాలూకు అట్ట అడవి ఒకటి కట్టి ఉంది. ప్రతి మలుపులో అది అటూ ఇటూ ఊగి తలుపులు కొడుతోంది. రెండు సిగ్నళ్ళ దగ్గర ఎర్ర దీపాలు పడ్డాయి. మూడోదాని దగ్గర తెరలక్క స్టీరింగు మీద వేళ్ళు టకటకలాడించడం మొదలుపెట్టింది.

"ఆపు. నాకు గుండెదడ వస్తోంది," అంది అత్తగారు.

"నేను అడగాల్సిందత్తయ్యా. ఒక్క మాట. ఎందుకిలా కట్టావని."

"అడిగితే చెప్పేదా?"

"చెప్పేది కాదు."

"మరింకేం. పచ్చదీపం పడింది, పోనీ."

నాలుగు కావడానికి ఎనిమిది నిమిషాలుండగా వ్యాను గోడౌను వెనక వీధిలో ఆగింది. వరసగా మూడు మేడలు. మూడింటికీ ఒకే రంగు, ఒకే బాల్కనీలు, ఒకేలాంటి ఆరేసిన బట్టలు. తెరలక్క రోడ్డు మధ్య నిలబడి తల పైకెత్తింది. గోడౌను నెత్తిన బోర్డు వెనక సూర్యుడు దిగుతున్నాడు. వెనక ఎవరో హారను కొట్టారు. కదల్లేదు.

మొదటి మేడ గోడ మీద ఆకుపచ్చ వెలుగు సన్నగా పడి, తేనెలా పక్కకి జారింది. రెండో మేడ మీదకి ఎక్కింది. మూడో అంతస్తులో ఒక కిటికీ. కమ్మీల నీడలతో నాలుగు పలకలుగా చీలి, కిటికీలోంచి లోపలికి వెళ్ళిపోయింది.

తెరలక్క అప్పటికే మెట్ల మీద ఉంది.

తలుపు తీసినవాడు బస్సు డ్రైవరు. యూనిఫాం చొక్కాకి సగం బొత్తాలే ఉన్నాయి, మొహంలో సగం నిద్రే పోయింది. తెరలక్కకి నోరు పెగల్లేదు. పేరు తెలియదు, మొహం తెలియదు. ఏమని అడగాలి?

"పిచ్చుక," అంది చివరికి.

"మా ఇంట్లో పిచ్చుకలు లేవండీ."

మెట్లన్నీ ఎక్కి, గోడ పట్టుకుని రొప్పుతూ అత్తగారు అందుకుంది. "మంచం మీద ఉండి బొమ్మలు వేసే ఆడపిల్ల నాయనా. బతికుందా?"

అతని నిద్ర ఎగిరిపోయింది. "అదేం మాటండీ, మా చెల్లెలు. నిన్నటి నుంచీ సరిగ్గా తినడం లేదు, అంతే. మీరెవరు?"

"మేం... ఒకే వీధివాళ్ళం," అంది తెరలక్క.

"ఈ వీధిలో మిమ్మల్నెప్పుడూ చూళ్ళేదే."

లోపలి గదిలోంచి గొంతు వచ్చింది. రెండేళ్ళుగా ప్రతి సాయంత్రం చెవిలో విన్న గొంతు. "అన్నయ్యా, ఆవిణ్ణి లోపలికి రానివ్వకు."

తెరలక్క ముందు గదిలో కుర్చీ కనబడితే అడక్కుండానే కూలబడింది. బతికే ఉంది. బతికుండటమే కాదు, కోపంగా కూడా ఉంది.

లోపలి గదికి తలుపు ఓరగా వేసి ఉంది. తలుపు సందులోంచి ఆకుపచ్చ ఎండ ఒక పట్టీలా ముందు గది నేల మీద పడింది. తెరలక్క ఆ పట్టీ వైపే చూస్తూ కూర్చుంది. మొహం చూడకూడదు. నియమం తను పెట్టిందే.

అత్తగారు తిన్నగా ఆ తలుపు దగ్గరికి నడిచింది.

"అత్తయ్యా, వద్దంది."

"నిన్ను వద్దంది. నేను మీ వీధి మనిషిని కాదుగా." తలుపు తోసుకుని లోపలికి వెళ్ళిపోయింది. లోపల ఏదో గొణుగుడు, కుర్చీ లాగిన చప్పుడు, మంచినీళ్ళు పోసిన చప్పుడు. పిచ్చుక అత్తగారిని పొమ్మనలేదు.

"ఎలా కనుక్కున్నావ్?" అంది గొంతు తలుపు వెనక నుంచి.

"నీ కిటికీ. పొగగొట్టం, బోర్డు."

"ఆ కిటికీ వేయకుండా ఉండాల్సింది."

"దీపం వెలుగుతూనే ఉందిరా. నేనేమనుకోవాలి?"

"హెడ్‌సెట్ తీసి గోడకేసి కొట్టాను. ఛార్జింగు తీగతో సహా వెళ్ళి మంచం వెనక పడింది. ఆపడానికి చెయ్యి అందలేదు. అన్నయ్యని తియ్యమని అడగబుద్ధి కాలేదు. అంతే కథ. చచ్చిపోయాననుకున్నావా?"

"అనుకున్నా."

"నీ వల్లనా?"

"నా వల్లే."

"బాగానే ఉంది నీ గొప్ప," అంది పిచ్చుక. కాని గొంతులో ముందున్న పదును తగ్గింది. "ఇదిగో అక్కా, విను. నా నడుము పనిచేయక పదకొండేళ్ళయింది. దానికి నాకు ఏడుపు లేదు. ఆ వీధిలో రెండేళ్ళు మీ అందరితో సమానంగా నిలబడ్డాను, ఎవరికీ తెలీలేదు. ఒక్క ఆ ఇంట్లో మాత్రం మిమ్మల్ని నా ఎత్తుకి దించాను. మేస్త్రిగారు బల్ల మీద ఏముందో చూడాలని ఎగురుతుంటే ఎంత నవ్వొచ్చేదో తెలుసా? ఒక్కడికీ తెలీదు తను నా మంచం మీద పడుకున్నాడని. నువ్వొచ్చి, ఒక్క మధ్యాహ్నంలో, అందర్నీ లేపి నిలబెట్టేశావు."

తెరలక్క కుర్చీని ఆ తలుపుకి దగ్గరగా జరుపుకుంది.

"పాత ఇల్లు నా దగ్గరే ఉంది," అంది. "నకలు దాచాను. మళ్ళీ పెట్టేస్తాను."

"పెట్టి, మేస్త్రిగారికి ఏం చెప్తావ్? మంచాన పడ్డ పిల్ల ఇల్లు, జాలిపడి వదిలేయండి అనా? అదే చెప్పేటట్టయితే ఇప్పుడే చెప్పు, ఆ హెడ్‌సెట్ అన్నయ్యకిచ్చి అమ్మించేస్తాను. నేనింక రాను."

అన్నయ్య గుమ్మం దగ్గర నిలబడి ఒకసారి తలుపు వైపు, ఒకసారి ఈవిడ వైపు చూస్తున్నాడు. వారంలో ఏడు రోజులూ చెల్లెలు నవ్వే చప్పుడు వచ్చేది ఆ హెడ్‌సెట్ పెట్టుకున్న గంటల్లోనే అని, తర్వాత వాకిట్లో నిలబడి అతనే చెప్పాడు.

"చెప్పను," అంది తెరలక్క. "కొలత నాదని చెప్తాను. నేనే తప్పానని."

"నువ్వు కొలత తప్పావంటే ఎవరు నమ్ముతారు?"

"ఇవాళ కోటకి నీడ వేయాల్సిన పక్క వెలుగు వేశాను. మా మేనేజరే సాక్షి."

లోపల చిన్న చప్పుడు వినబడింది. నవ్వో, దగ్గో తేల్చుకోలేకపోయింది.

"శనివారం వస్తావా?"

"తెలీదు," అంది పిచ్చుక. "వెళ్ళిపో అక్కా. అత్తయ్యగారిని కాసేపు ఉంచి వెళ్ళు."

అత్తగారు ముప్పావు గంట తర్వాత కిందికొచ్చింది. వ్యాను బయల్దేరి రెండు వీధులు దాటేదాకా తెరలక్క ఆపుకుంది.

"ఎలా ఉంది అత్తయ్యా?"

"ఎవరు?"

"ఆ పిల్ల. చూడ్డానికి ఎలా ఉంది?"

"నేను చెప్తే నువ్వు చూసినట్టే అవుతుంది. నీ నియమం నీది," అని అత్తగారు కిటికీ అద్దం దించుకుంది.

*

శనివారం పదింటికి వీధి మెరిసిపోతోంది. పన్నెండు గుమ్మాల్లో పదకొండు దీపాలు. పిచ్చుక దీపం గురువారం సాయంత్రమే ఆరిపోయింది, మళ్ళీ వెలగలేదు. పసుపు గౌను మనిషి లేదు. ఇల్లు మాత్రం మళ్ళీ రెండింతలై, పక్క ఇళ్ళ భుజాల మీదుగా తల ఎత్తి చూస్తోంది.

మేస్త్రిగారు దాని ముందు నిలబడి తల పట్టుకున్నారు. "తెరలమ్మా, ఏమిటిది? బాగుచేశానన్నావు."

"కొలత తప్పాను మేస్త్రిగారూ."

"నువ్వా?"

"నేనే. ఇప్పుడు ముట్టుకుంటే మొత్తం కూలేటట్టుంది. అలా వదిలేయండి."

"పదేళ్ళ పిల్లని అడిగినా చెప్తుందే, బల్ల కళ్ళ దాకా ఉండదని." ఆయన గొంతులో కోపం కంటే దిగులే ఎక్కువ. మిగతావాళ్ళు పక్కకి తిరిగి గుసగుసలాడారు. చూపు ఆనడం లేదేమో, అన్నారెవరో. వయసు కూడా వచ్చిందిగా, అన్నారింకెవరో. ఇరవై రెండేళ్ళలో ఆమె కొలత గురించి ఎవరూ అలా మాట్లాడలేదు. తెరలక్క చెవులు కాలాయి. చౌకు చుట్టూ నడవడం మొదలుపెట్టింది. ఏనుగు దాకా, అక్కడి నుంచి గుమ్మం దాకా, మళ్ళీ ఏనుగు దాకా.

పదింబావుకి చిత్రశాల వాళ్ళు ముగ్గురు వచ్చారు. వాళ్ళలో పెద్దావిడ ఒక్కో ఇంట్లోకీ తాపీగా వెళ్ళి వస్తోంది. పిచ్చుక ఇంట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. మేస్త్రిగారు తెరలక్క వైపు చూసిన చూపుకి రాతి ఏనుగైనా పగిలేది.

ఆవిడ బయటికొచ్చింది. "ఇందులో నేను ఎందుకో మెల్లగా మాట్లాడాల్సి వచ్చింది," అంది. "ఈ కొలత ఎవరిది?"

"నాదేనండీ," అంది తెరలక్క. "తప్పింది."

పెద్దావిడ ఏదో రాసుకుంది. ఏం రాసుకుందో ఎవరికీ తెలియదు.

పదీ నలభై. తెరలక్క ఇరవయ్యోసారి గుమ్మం ముందు నుంచి వెళ్తోంది. దీపం ఒకసారి మినుకుమంది. ఆగింది. వెలిగింది.

పసుపు గౌను తలుపు పక్కన ప్రత్యక్షమైంది. పిచ్చుక చౌకులోని జనాన్ని, చిత్రశాల వాళ్ళని, తల దించుకున్న మేస్త్రిగారిని ఒక్కొక్కళ్ళనీ చూసింది. తర్వాత తన ఇంటిని కింద నుంచి పైదాకా చూసింది.

"నేను ఎప్పటి నుంచో చెప్తూనే ఉన్నానండీ," అంది అందరికీ వినబడేలా. "మా తెరలక్కకి కళ్ళజోడు మార్చాలి."

వీధి గొల్లుమంది. మేస్త్రిగారు కూడా నవ్వేశారు. తెరలక్క మాత్రం బుద్ధిగా తల ఊపింది. "మార్పిస్తాను."

నవ్వులు చౌకు వైపు జరిగాక పిచ్చుక దగ్గరికొచ్చింది. "అక్కా, తలుపు గొళ్ళెం కిందికి పెట్టావు. అంతకంటే పైన ఉంటుంది."

"నువ్వెంత పెట్టావో అంతే. నకలు చూసి పెట్టాను."

"అయితే నేనే తప్పు పెట్టి ఉంటాను. నిన్న పొద్దంతా మా గది గొళ్ళేన్నే చూస్తూ పడుకున్నాను. ఇంకా పైన."

తెరలక్క ఇంట్లోకి వెళ్ళి, ముని వేళ్ళ మీద లేచి, రెండు చేతులూ చాచి గొళ్ళేన్ని ఒక అంగుళం పైకి జరిపింది. చేతులు లాగుతున్నాయి. వెనక్కి చూసింది.

పిచ్చుక గుమ్మంలో నిలబడి, ఒక కన్ను మూసి చూస్తోంది.

"ఇంకొంచెం," అంది.